విడువని స్మృతి

త్యజించవలసినదానిని త్యజించలేకపోవడం మనిషికే పరిమితమైన దోషం కాదు; మనిషి రచించిన ప్రోగ్రాములోనూ అది ప్రవేశిస్తుంది.

ఒక కళాశాలలో రుసుముల రసీదులు జారీచేసే పైథాన్ ప్రోగ్రాము బాధ్యత ఒక యువ ఇంజనీరుపై ఉండేది. అది ఆక్రమించే మెమరీ దినమంతా పెరిగి, అర్ధరాత్రికి సర్వరు స్తంభించేది. అతడు సులభోపాయాన్ని అవలంబించాడు: ప్రతి రాత్రీ 11 గంటలకు ప్రోగ్రాము రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు చేశాడు. కొన్ని మాసాలు నిశ్చింతగా గడిచాయి. రుసుము గడువు ముగిసే రాత్రి, సరిగ్గా ఆ క్షణాన సొమ్ము చెల్లించిన ఒక విద్యార్థినికి రసీదు రాలేదు. మరునాడు ఆమెను పరీక్షకు అనుమతించలేదు. తాను చేసినది రోగాన్ని కప్పిపుచ్చడమేనని అతడికి అప్పుడు బోధపడింది.

అన్వేషణ ఆరంభమైంది. పైథాన్ సాధారణ రూపమైన సీపైథాన్‌లో, ఒక ఆబ్జెక్టును పట్టుకొని ఉన్న రిఫరెన్సుల సంఖ్య సున్నా కాగానే దాని మెమరీ విముక్తమవుతుంది. పరస్పరం పట్టుకొన్న ఆబ్జెక్టులకు ఆ సంఖ్య సున్నా కాదు. అటువంటి చక్రాలను ఛేదించే గార్బేజ్ కలెక్టర్ 2000లో వెలువడిన పైథాన్ 2.0తో వచ్చింది. అతడు దానిని ప్రత్యేకంగా నడిపించి చూశాడు. ఫలితం శూన్యం. ప్రోగ్రాముకు ఏ మార్గాన్నీ అందనిదే దాని దృష్టిలో వ్యర్థం; అందుబాటులో ఉన్నదానిని అది తాకదు.

పిదప అతడు 2014లో పైథాన్ 3.4తో వచ్చిన ట్రేస్‌మాలక్‌ను ఆశ్రయించాడు. ప్రోగ్రాము ఆరంభంలోనే దానిని ప్రారంభించి, గంట వ్యవధితో రెండు స్నాప్‌షాట్లు తీసి, వాటి భేదాన్ని పరిశీలించాడు. పెరుగుదల అంతా రసీదును సృష్టించే పంక్తి వద్దనే కనిపించింది. అయితే ఆ సాధనం జన్మస్థానాన్నే చూపుతుంది. బంధించినది ఎవరో చెప్పదు. ఆ ప్రశ్నకు జీసీ మాడ్యూలులోని గెట్ రిఫరర్స్ సమాధానమిచ్చింది: ఒక డిక్షనరీ. వేగం కోసం ప్రతి రసీదునూ లావాదేవీ సంఖ్యతో అందులో భద్రపరచినవాడు అతడే. ఏ సంఖ్యా మళ్ళీ రాదు; కనుక దాచినది ఏదీ అక్కరకు రాలేదు, ఏదీ తొలగనూ లేదు.

అతడు ఆ డిక్షనరీని, దానితోపాటు రాత్రి రీస్టార్టునూ తొలగించాడు. మెమరీ రేఖ కొంత ఎత్తుకు చేరి స్థిరపడింది. ఆ విద్యార్థినికి మాత్రం పోయిన పరీక్ష తిరిగి రాలేదు. నాటి నుండి దేనినైనా భద్రపరచే పంక్తి వ్రాసినప్పుడల్లా, దానిని విడిచే పంక్తి కూడా వ్రాసిన తరువాతే అతడు ముందుకు సాగుతాడు.