హారికాన్: బాతుల వేటగాళ్ల సొమ్ముతో బతికే చిత్తడి

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. మిల్వాకీ నుంచి వాయవ్యంగా గంటకు పైగా ప్రయాణిస్తే మొక్కజొన్న చేల మధ్య హారికాన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరు దాటగానే ఉత్తరాన కనుచూపు మేరా జమ్మే. దాదాపు 33 వేల ఎకరాల మంచినీటి చిత్తడి అది. ఉత్తరాన రెండొంతులు కేంద్రం చూసుకునే పక్షుల ఆశ్రయం, దక్షిణాన ఒక వంతు రాష్ట్రానిది. ఆ దక్షిణ భాగంలో లైసెన్సు తీసుకుని బాతుల్ని వేటాడవచ్చు, గాలం వేయవచ్చు. ఊరికే నడుస్తానన్నా కాదనేవారు లేరు.

ఈ నేల పడ్డ కష్టాలు కొల్లేరు వాళ్లకు బాగా అర్థమవుతాయి. 1846లో రాక్ నదికి ఆనకట్ట కట్టి దీన్ని చెరువు చేశారు. 1869లో ఆ కట్ట తీసేశాక జమ్ము తిరిగి మొలిచింది. బాతుల్ని చంపి బజారుకు పంపేవాళ్లు దిగారు. 1910 తర్వాత కాలువలు తవ్వి నీళ్లు తోడేసి సాగు మొదలుపెట్టారు. పంట దక్కలేదు సరికదా, ఎండిన మట్టికే నిప్పంటుకుంది. అప్పుడు స్థానికుడు లూయీ రాడ్కే, చేపల వేటగాళ్లు స్థాపించిన ఐజాక్ వాల్టన్ లీగ్ చిత్తడిని తిరిగి నిలబెట్టాలని పట్టుబట్టారు. 1927లో చట్టం వచ్చింది. 1934లో కొత్త కట్టతో నీళ్లు వెనక్కి వచ్చాయి.

వేట నేరమైన దేశంలో పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక విషయం మింగుడు పడదు. ఇలాంటి చిత్తడి నేలల్ని నిలబెట్టే డబ్బులో పెద్ద వాటా వేటగాళ్లదే. బాతుల్ని వేటాడే వయోజనుడు ఏటా 25 డాలర్ల 'డక్ స్టాంపు' కొనాలి, ఆ సొమ్ములో అత్యధిక భాగం చిత్తడి నేలలు సేకరించడానికే పోతుంది. 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు చేరుతుంది. ఇది న్యాయమైన ఏర్పాటనే నా అభిప్రాయం. నేలను వాడుకునేవాడే దాని ఖర్చు భరిస్తున్నాడు.

అక్టోబరులో వెళ్లండి. కెనడా బాతులు లక్షకు మించి దిగుతాయి, వాటి అరుపులో పక్కవాడి మాట వినపడదు. తెల్లవారకముందే వేటగాళ్లు పడవలకు జమ్ము కప్పుకుని, నీళ్లలో బొమ్మ బాతుల్ని తేలవేసి కూర్చుంటారు. పడ్డ పిట్టను కుక్క ఈదుకెళ్లి తెస్తుంది. బాతుల మీద సీసపు గుళ్లు వాడకూడదు, అవి నీటి అడుగుకు చేరితే మేసే పక్షులకు విషమని. గట్టు వెంట నడుస్తుంటే నీళ్లలో ఎండు జమ్ము దిబ్బలు కనిపిస్తాయి. పందికొక్కంత ఉండే మస్క్‌రాట్ కట్టుకున్న ఇళ్లవి. వాటి మీద బాతులు సేదదీరుతుంటాయి.

మన చెరువుల్లో పెంచుకునే బంగారుతీగ చేప ఇక్కడ శత్రువు. అడుగు బురదను కెలికి నీళ్లు మురికి చేస్తుంది, వెలుతురు అందక నీటి మొక్కలు చస్తాయి, బాతులకు మేత పోతుంది. అందుకే గాలానికి బంగారుతీగ పడితే చిత్తడికీ మేలే.

నవంబరు చివర్లో తుపాకీతో జింకల్ని వేటాడే రోజులుంటాయి. అప్పుడు నడవాలనుకుంటే కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు కోటు వేసుకుని మరీ వెళ్లండి.