నాయన కేఎంపీఎల్

మా నాయన ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాడు. ఎక్కువ కాలం తోలింది తిరుపతి-మదనపల్లె రూటు, భాకరాపేట ఘాట్ మీదుగా. ఇంట్లో ఆయన జీతం గురించి మాట్లాడగా నేను వినలేదుగానీ కేఎంపీఎల్ గురించి మాత్రం రోజూ వినేవాణ్ని. అంటే లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క. డిపోలో ప్రతి డ్రైవరుకూ కడతారు. బస్సు ఇచ్చేదే అయిదు చిల్లర. ఆ చిల్లర కోసం ఆయన నిద్రలో కూడా గేర్లు మార్చేవాడని అమ్మ నవ్వుతుంది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను చేసిన పని వినండి. నాకో ఎక్స్‌పల్స్ 200 ఉంది. తారు రోడ్డూ, రాళ్ల దారీ రెండింటికీ పనికొచ్చేలా హీరో కంపెనీ 2019లో తెచ్చిన బండి. ముందు చక్రం 21 అంగుళాలు. మామూలుగా నడిపితే లీటరుకు 42 దాకా ఇచ్చేది. అది చాలక, తలకోన వైపు మట్టిదారుల కోసమని వెనక చక్రానికి నాలుగు పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్ వేయించాను. గడ్డలు గడ్డలుగా ఉండే టైర్లు మార్పించాను. ఎత్తు ఎక్కడంలో బండి మేకపిల్లే! మైలేజీ మాత్రం 31కి పడింది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే నాకు దాదాపు ఎనిమిది లీటర్లు అదనం. లీటరు 110 రూపాయల దాకా ఉన్నప్పుడు తొమ్మిది వందలకు దగ్గర. తలకోన వెళ్లేది ఏడాదికి మూడుసార్లు. మిగతా రోజులన్నీ లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ కోసం ఎదురుచూపులే.

"కొండెక్కే చెప్పులేసుకోని ఆఫీసుకు పోతా ఉండావు," అన్నాడు నాయన. నా డబ్బు నా ఇష్టం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. పది రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

పదకొండో రోజు, ఆదివారం పొద్దున్నే, చేతిలో పాత నోటుబుక్కుతో గేటు దగ్గర నిలబడ్డాడు. "బంకుకు పోనీరా అబ్బోడా." చూపు మందగించాక ఆయన బండి ముట్టుకోలేదు. నా వెనక ఎక్కడం అదే మొదటిసారి. ముందు టైర్లలో గాలి చూపించాడు. మట్టిదారికని నేను తగ్గించి, మళ్లీ కొట్టించడం మరిచిన గాలి! అది నింపించి, ట్యాంకు ఫుల్ చేయించాడు. పైపు టక్కుమని ఆగగానే "చాలు" అన్నాడు. తిరిగొచ్చాక అదే బంకులో, అదే టక్కు దగ్గర ఆపాలట.

పీలేరు రోడ్డులో రంగంపేట దాటాక కిలోమీటరు రాళ్లు నన్ను లెక్కపెట్టమన్నాడు. ముప్ఫై కిలోమీటర్లకు మీటరు 29 చూపించింది. కొత్త టైరు చుట్టుకొలత కాస్త పెద్దది. చక్రం తక్కువసార్లు తిరుగుతుంది, మీటరు తక్కువ చెబుతుంది. అంటే నా 31 నిజానికి 32. "ఒకటి దొరికె," అన్నాడు నాయన.

స్ప్రాకెట్ సంగతి వేరు. పళ్లు పెరిగితే అదే కిలోమీటరుకు ఇంజిన్ దాదాపు పదోవంతు ఎక్కువసార్లు తిరగాలి. ఆ నష్టం చేతి నైపుణ్యంతో పూర్తిగా పోదు. ఈ పెట్రోల్లో కలిసే ఇథనాల్‌కు శక్తి సుమారు మూడోవంతు తక్కువ కూడాను. అయినా నా చేతి తప్పులు చాలానే ఉన్నాయని ఘాట్‌లో తెలిసింది.

"ఇప్పుడు వదులు," అనేవాడు వెనక నుంచి. ఎక్సలేటర్ వదిలితే, నాలుగు క్షణాలకు మలుపు కనపడేది. బ్రేకు అవసరమే రాలేదు. "మూడో గేరు." నిజంగానే ఎత్తు మొదలయ్యేది. ఆయనకు నా భుజం దాటి ఏమీ స్పష్టంగా కనపడదని నాకు తెలుసు. బండి ఒరిగే తీరును బట్టి చెబుతున్నాడో, రోడ్డు మొత్తం ఒంట్లోనే ఉందో మరి! దిగేటప్పుడు ఆదా అవుతుందని న్యూట్రల్ చేయబోతే వీపు మీద ఒక్కటి వేశాడు. ఘాట్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పైగా నా బండి ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. గేరులో ఉంచి ఎక్సలేటర్ మూసేస్తే ఇంజిన్‌కు పెట్రోలు ఆగిపోతుంది. న్యూట్రల్లో అయితే ఇంజిన్ తిరగడానికైనా తాగుతూనే ఉంటుంది. ఈ రెండో సంగతి నేను చెప్పాను. ఆయన "అట్నా?" అని ఆసక్తిగా విన్నాడు. బండ్ల విషయంలో నేను చెప్పింది ఆయన వినడం నాకు గుర్తున్నంతలో అదే తొలిసారి.

సాయంత్రం బంకులో లెక్క కట్టాం. లీటరుకు 36. ఊళ్లో ట్రాఫిక్‌లో అంత రాదని ఇద్దరికీ తెలుసు. పాత స్ప్రాకెట్ తిరిగి వేయించేస్తానన్నాను.

"ఉండనీలేరా," అన్నాడు, నోటుబుక్కును కళ్లకు ఆనించుకుని అంకె వేస్తూ. "వచ్చే ఆదివారం మదనపల్లె దాకా పోయి చూస్తాం. అరవై పాయింటు పడిందేమో."