నిదానంగా నేర్చుకునే బిడ్డకు మైదానం ఇవ్వండి



2024 మే నెలలో జపాన్‌లోని కోబే నగరంలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో మన తెలంగాణ అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి, ప్రపంచ రికార్డుతో స్వర్ణ పతకం గెలుచుకుంది. అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించింది. ఆమెది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం. తల్లిదండ్రులు కష్టజీవులు. ఆమె పరుగెత్తింది టీ20 విభాగంలో, అంటే మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగంలో. చిన్ననాడు ఊరివారి ఎగతాళి మాటలను ఆ కుటుంబం ఎంతగా భరించిందో పత్రికలలో మీరు చదివే ఉంటారు.

ఆ వార్తలు చదివినప్పుడు నాకు నేను పనిచేసిన ఊళ్లు గుర్తుకు వచ్చాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇంకా పాత పాలమూరు జిల్లాలోనే ఉన్న కాలమది. జ్వరానికో, దెబ్బకో పిల్లవాణ్ణి తీసుకువచ్చిన తల్లి, అడగకుండానే, "వీనికి బుద్ధి తక్కువ సారూ, బడికి పంపుతలేము" అనేది. అటువంటి బాలుడొకడు అక్షరాలు రాకపోయినా, సాయంత్రం మంద ఇంటికి చేరగానే ఏ మేక రాలేదో చెప్పేవాడని వాళ్ల నాయన నాతో అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు. నేర్చుకునే శక్తి ఆ పిల్లవానిలో ఉన్నది. అతనికి తగినట్లు నేర్పే ఏర్పాటే అక్కడ లేదు.

మేధో వైకల్యం అంటే ఏమిటి? ఆలోచన, అవగాహన, రోజువారీ పనులను సొంతంగా చేసుకునే నేర్పు వయసుకు తగినంతగా ఎదగకపోవడం. ఇది ఎదిగే వయసులోనే బయటపడుతుంది. ఇది పిచ్చి కాదు, గ్రహణ దోషమూ కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. కాన్పు కష్టమై బిడ్డ వెంటనే ఏడవకపోవడం, పుట్టుకతో థైరాయిడ్ లోపం, గర్భిణికి అయోడిన్ చాలకపోవడం, జన్యు కారణాలు, మెదడువాపు వంటివి దీనికి దారి తీయవచ్చు. మేనరికాలలో కొన్ని జన్యు వ్యాధుల ముప్పు హెచ్చు. థైరాయిడ్ లోపాన్ని పుట్టిన తొలి రోజులలోనే మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో గుర్తించి, మొదటి రెండు వారాలలో మాత్ర మొదలుపెడితే బిడ్డ మెదడును చాలావరకు కాపాడుకోవచ్చు.

ఇక దీప్తి నేర్చిన విద్య సంగతి. 400 మీటర్ల పరుగు కాళ్ల బలంతో మాత్రమే గెలిచేది కాదు. మొదటి సగంలో శక్తినంతా వెచ్చిస్తే చివరి వంద మీటర్లలో కండరాలు బిగుసుకుపోతాయి. ఎక్కడ ఎంత వేగం, ఎంత మిగుల్చుకోవాలన్న లెక్క మేధో వైకల్యం ఉన్నవారికి మరింత కష్టం. అందువలన ఆ లెక్కను శరీరానికే అలవాటు చేయాలి. ఒకసారి ఒకే సూచన, నోటితో చెప్పడం కన్న చేసి చూపడం, ఒకే క్రమాన్ని ఓపికగా తిరిగి తిరిగి చేయించడం, సరిగా చేసిన వెంటనే మెచ్చుకోవడం: ఇదీ పద్ధతి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె వేగాన్ని గుర్తించడం, హైదరాబాదులో నాగపురి రమేశ్ శిక్షణ లభించడం, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడలలో స్వర్ణం రావడం, ఇవన్నీ కోబేకు ముందరి మెట్లు.

ఈ విభాగం ఆటగాళ్లకు మరో చరిత్ర కూడా ఉన్నది. 2000 సంవత్సరంలో సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. తరువాత విచారణలో ఆ జట్టులోని 12 మందిలో 10 మందికి వైకల్యమే లేదని తేలింది. పతకాలు వెనక్కి తీసుకున్నారు. అయితే ఆ మోసానికి శిక్ష అనుభవించింది నిజమైన వైకల్యం ఉన్న క్రీడాకారులు. ఈ విభాగం పోటీలు ఆగిపోయి, 2012 లండన్ క్రీడలలో గాని తిరిగి ప్రారంభం కాలేదు. నేడు పరీక్షలు అంత కఠినంగా ఉండడానికి కారణమిదే. బూటకపు ధ్రువపత్రం కోసం వైద్యుల చుట్టూ తిరిగేవారు ఈ సంగతి తలచుకోవాలి.

మీ ఇంట్లోనో, మీ వాడలోనో నడక, మాట ఆలస్యమైన బిడ్డ ఉంటే, "వాడే ఎదుగుతాడులే" అని ఏళ్లు గడపకండి. ముందుగా వినికిడి, చూపు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే బాల ఆరోగ్య వైద్య బృందానికి చూపిస్తే, వారు జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఇదీ ఒకటి. ధ్రువపత్రం ఉంటే పింఛను, విద్య, క్రీడా అవకాశాలకు దారి ఏర్పడుతుంది.

మరొక మనవి. వలస పనులకు పోయే తల్లిదండ్రులు ఇటువంటి పిల్లలను ముసలివారి వద్ద ఇంటిలో ఉంచి వెళ్లడం మన పాలమూరులో కొత్త కాదు. ఉపాధ్యాయులారా, అటువంటి బిడ్డను సాయంత్రం ఆటకు పిలవండి. అందరు పిల్లలూ దీప్తిలా పతకాలు తేలేరు, తేవలసిన అవసరమూ లేదు. వరుసలో నిలబడడం, బంతిని తోటివారికి అందించడం, తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చుకున్న బిడ్డ, రేపు సొంతంగా బస్సు ఎక్కగలుగుతాడు, కూలి డబ్బులు తానే లెక్కపెట్టుకోగలుగుతాడు. వచ్చే సోమవారం మీ బడి మైదానంలో ఆ పిల్లవాడు ఉన్నాడో లేదో ఒక్కసారి చూడండి.