మైనం లెక్క

ఇత్తడి బొమ్మ పోయాలంటే ముందు అదే బొమ్మ మైనంతో చెయ్యాలి. పుట్టమన్ను, ఊక కలిపి లోపలి ముద్ద చేసి ఆరబెడతారు. మైనంలో గుగ్గిలం వేసి కాచి, వడగట్టి, చల్లారాక సన్నటి దారాలుగా సాగదీసి, ఆ ముద్ద చుట్టూ వరసలు వరసలుగా చుడతారు. కళ్లు, ముక్కు, గజ్జెల మీది చుక్కలు అన్నీ మైనమే. పైన మెత్తటి మన్ను పూత, దాని మీద మోటు మన్ను. కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది, అది ఖాళీ చేసిన చోటికి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాలి. అందుకే ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. గోండు గూడేల దేవుళ్ల బొమ్మలు, గంటలు, గజ్జెలు తరతరాలుగా ఓజా పనివాళ్లు ఇలాగే పోస్తున్నారు. 2018లో ఈ పనికి ఆదిలాబాద్ డోక్రా అన్న పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

నేనప్పుడు జైనూరు వైపు ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఉషెగాం నుంచి ఒక ఓజా పెద్దాయన వచ్చి సాయంత్రాలు పిల్లలకు పని నేర్పేవాడు. అందరం ఆయన్ని దాదా అనేవాళ్లం. ఎంత ఇత్తడి కరిగించాలో ఆయన మైనం బొమ్మను అరచేతిలో ఆడించి చెప్పేవాడు. పిల్లలకు అది మంత్రంలా ఉండేది. ల్యాబులోని తక్కెడ తెచ్చి తూచాం. మైనం 40 గ్రాములు. పోతపోసి, ఇత్తడి పోసిన దారిలో మిగిలిన కాడ కోసేశాక బొమ్మ 350 గ్రాములకు కాస్త అటూఇటూ. ఘనపరిమాణం ఒకటే, మైనం సాంద్రత ఒకటికి దగ్గర, ఇత్తడిది ఎనిమిదిన్నర. తొమ్మిదో తరగతికి సాంద్రత పాఠం మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. దాదా మాత్రం తక్కెడను చూసి, తన చేతిని చూసుకుని, "సరిపోయింది" అన్నాడు. ఆయన పరీక్షిస్తున్నది తక్కెడనే అని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఆ బొమ్మలు అమ్ముదామన్న మాట వచ్చింది. బడిలో పిల్లల చేత వస్తువులు చేయించి అమ్మడం అనగానే నాకు వార్ధా గుర్తొచ్చేది. 1937లో అక్కడి సదస్సులో, చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలని, పిల్లలు చేసిన వస్తువుల మీద వచ్చే రాబడి బడి ఖర్చుకు ఆసరా కావాలని గాంధీజీ ప్రతిపాదించారు. అలా చేస్తే బడి కార్ఖానా అవుతుందని, పసివాళ్ల శ్రమ మీద బతుకుతుందని అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. ఆ భయం న్యాయమైనదని నా నమ్మకం. అందుకే అమ్మకానికి పని మొదలుపెట్టక ముందే ప్రధానోపాధ్యాయుడితో కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నాం. 14 ఏళ్లు నిండినవాళ్లకే పని. కొలిమి దగ్గరికి పెద్దవాళ్లే పోవాలి, పిల్లలది మన్నూ మైనం పనే. రోజుకు ఒక గంట, అంతే. రాబడిలో సరుకు ఖర్చు, దాదా వాటా పోగా మిగిలింది పిల్లలది. బడికి సున్నం వెయ్యడానికి కూడా అందులోంచి రూపాయి తియ్యకూడదు. ఆ డబ్బుకు పిల్లల పేర్ల మీదే ఖాతాలు తెరిచాం; పదేళ్లు దాటినవాళ్లు పోస్టాఫీసు పొదుపు ఖాతాను సొంతంగా నడుపుకోవచ్చు. ఖాతా పుస్తకం మీద తన పేరు చూసుకున్న రోజున ఒక కొలాం తెగ పిల్లవాడు దాన్ని ట్రంకుపెట్టెలో అడుగున, బట్టల కింద దాచుకున్నాడు.

మొదట సరుకు కొన్నది ఒక వ్యాపారి. ఆయనకు తెలిసిన బేరం ఒకటే, కిలో లెక్క. బొమ్మలన్నీ ఒకేసారి తక్కెడలో పోశాడు. ఆ రాత్రి స్టడీ అవర్లో ఒక గోండు అమ్మాయి అమ్మినవాటిలాంటివే మరో రెండు బొమ్మలు పట్టుకొచ్చింది. ఒకటి సన్నటి అల్లికల నెమలి, తేలిగ్గా ఉంది. రెండోది మొద్దుగా, బరువైన ఏనుగు.

"సార్, గీ నెమలికి రెండు రోజులు పట్టింది. ఏనుగును ఒక్క పూటల చేసిన. పైసలు ఏనుగుకే ఎక్కువొచ్చినయ్. గిదేం లెక్క?"

ఒక అబ్బాయి అడ్డుపడ్డాడు. "పత్తి ఏరితే గూడ కిలోకే ఇస్తరు గదా."

"పత్తి ఎవరేరినా గదే పత్తి. గీ నెమలి నేను చేసిందే" అంది ఆ పిల్ల.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అప్పటిదాకా ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. పని ఎంత సన్నగా ఉంటే ఇత్తడి అంత తక్కువ పడుతుంది; తూకానికి అమ్మితే చెయ్యి తిరిగినవాడికే నష్టం. పని గూడేనికి కొత్తగా నేర్పక్కర్లేదు, అది దాదా చేతుల్లో ఉండనే ఉంది. లేనిదల్లా ఆ పనికి వెల కట్టే హక్కు. వెనకట జొన్నలు కొలిచి ఇచ్చేవారని, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు తెలిసినవాళ్లే గనుక గజ్జె మోత విని మెచ్చుకుని మరో శేరు వేసేవారని దాదా చెప్పాడు. కిలో లెక్క ఆ మెప్పును మింగేసింది.

పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టారు. ప్రతి బొమ్మకూ మైనం, ఇత్తడి, బొగ్గు, ఎన్ని గంటలు. గంటకు ఎంత అన్నదాని మీద పెద్ద గొడవే అయింది. చివరికి ఆ ఏడు పత్తి కూలి చూసి, దానికి తగ్గకుండా నిర్ణయించారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో ఆ ధరలతోనే దుకాణం పెట్టాం. ఏనుగులు త్వరగా పోయాయి. నెమళ్లు చాలాసేపు కదల్లేదు. గజ్జెలను మాత్రం గోండు ఆడవాళ్లు ఒక్కొక్కటీ చెవి దగ్గర మోగించి చూసి, మోత నచ్చినదాన్ని బేరం ఆడకుండా కొన్నారు. ఆ అమ్మాయి వాళ్లనే చూస్తూ నిలబడింది.

తర్వాత పట్నం దుకాణం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. తాళంచెవులకు వేలాడదీసే చిన్న నెమళ్లు, అన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలన్నారు. అచ్చు పగిలే పనిలో అది అయ్యేది కాదు. సగానికి పైగా తిరిగొచ్చాయి. ఈలోగా గంట కాస్తా రెండు గంటలైంది, పదో తరగతి పిల్లలు లెక్కల క్లాసులో కునుకుతున్నారు. ఇక అలాంటి ఆర్డర్లు వద్దని పిల్లల సమావేశంలోనే తీర్మానం చేశారు. తిరిగొచ్చిన నెమళ్లను కరిగించారు, ఇత్తడి వృథా కాలేదు.

2020 మార్చిలో బడులు మూసేశారు. పిల్లలు గూడేలకు పోయారు, నాకు బదిలీ అయింది. చాన్నాళ్లకు ఉట్నూరు సంతలో ఆ అమ్మాయి ఎదురైంది. ఇంటర్ చదువుతోంది. సెలవుల్లో ఉషెగాం పోయి దాదా దగ్గర మైనం పని చేస్తోందట. యోగక్షేమాలు అయ్యీ కాకముందే ఫిర్యాదు.

"పత్తి కూలి పెరిగింది సార్. మా గంట రేటు పాతదే ఉంది. దాదా మారుస్తలేడు. మీరొచ్చి చెప్పాలె."

ఆ ఆదివారం వెళ్లాను. దాదా నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నేను నోరు విప్పకముందే తన నోటుబుక్కు తెరిచాడు. ఆయనకు రాత రాదు. గంటకో గీత గీసుకున్నాడు, కొలిమి ముందు కూర్చున్నవి విడిగా. పిల్లల రేటు పెంచడానికి తనకు అభ్యంతరం లేదని, కొలిమి గంటకూ మైనం గంటకూ ఒకే రేటు ఎలా కుదురుతుందని అడిగాడు. ఆ అమ్మాయి పెన్ను తీసింది. పొద్దు గూకేదాకా ముగ్గురం ఆ లెక్క మీదే కూర్చున్నాం.