లీవరు బిగుసుకుపోకముందే

మిర్చి కల్లాలు ఖాళీ అయ్యాక, తొలకరి పడేలోపు, గుంటూరు ఆటోనగర్‌లోని పాత జీపుల షెడ్లకు పని పెరుగుతుంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. ప్రత్తిపాడు, పెదనందిపాడు, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపుల నుంచి రైతులు తమ ఫోర్‌వీల్ బండ్లను తెచ్చి దింపుతారు. నేను వెళ్లిన షెడ్డులో ఒక ఎంఎం540, ఒక కమాండర్, ముందు చక్రాలు ఊడదీసిన ఒక జిప్సీ ఉన్నాయి. వాటి జబ్బుల చిట్టా విన్నాక నాకు ఒక సంగతి గట్టిగా అనిపించింది. ఈ బండ్లను పాడుచేస్తున్నది బురద కంటే ఎక్కువగా వాడకం లేకపోవడం. వీటిని కాపాడే పనిలో సింహభాగం ఇంటి దగ్గర, చెట్టు కింద, రైతు తన చేతులతో చేసుకోగలిగిందే. షెడ్డులో పెట్టే ఖర్చులో చాలా భాగం ఆ పని జరగనందుకు కట్టే మూల్యం.

అసలు ఈ నేలలో ఫోర్‌వీల్ ఎందుకని అడిగేవాళ్లు ఒక వాన పడ్డాక పొలం డొంకలోకి వెళ్లి చూడాలి. నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. తడిసినప్పుడు టైరు గాళ్లలోకి దూరి అతుక్కుపోతుంది. నాలుగు గజాలు పోయేసరికి టైరు నున్నగా తయారై, వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. పత్తి తీతల రోజుల్లోనే ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు వస్తాయి. కూలీలను దించాలన్నా, తీసిన పత్తి తడవకముందే బోరాల్లో ఇంటికి చేర్చాలన్నా ఆ డొంకే దారి. ట్రాక్టరు ఉందిగా అంటారు. ఉంది, కానీ అర్ధరాత్రి పురిటి నొప్పులొచ్చిన మనిషిని ట్రాక్టరు తొట్టిలో ఒంగోలు తీసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు. బురద దాటి, ఆ వెంటనే హైవే ఎక్కి ఆసుపత్రి దాకా పోగలిగే బండి వేరు.

ఆ పనికి పాత జీపు సరిపోవడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. విల్లీస్ జీపు రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారైంది. ఎక్కడ ఆగితే అక్కడే, చేతిలో ఉన్న పానాలతో విప్పి బిగించుకునేలా కట్టారు. 1947లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో దాన్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశమే సీజే3బీ, ఎంఎం540, కమాండర్ల మీదుగా మన ఊళ్లకు వచ్చింది. 1985 చివర్లో వచ్చిన మారుతీ జిప్సీ ఇంకో వంశం, కానీ గుణం అదే: విడిగా ఛాసిస్, కమాన్ కట్టలు, గేరుబాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు, చేత్తో వేసే లీవరు. లీవరు వేయగానే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకదానికొకటి కట్టుబడి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ వీటి మధ్యలో ఉండదు. మట్టిలో టైరు కాస్త జారి తేడాను సర్దేస్తుంది. తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిసిన రైతు బండికి సగం మేలు చేసినట్టే.

షెడ్డులో ఆ జిప్సీ ముందు చక్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చక్రం పక్కకు తిరిగేచోట గుండ్రటి గుండు, దాన్ని కప్పి ఒక తొడుగు, ఆ రెంటి మధ్య దుమ్ము చొరబడకుండా నమదా పట్టీ, రబ్బరు సీలు ఉంటాయి. పట్టీ ఎండి గట్టిపడి, ఒకచోట ఊడిపోయింది. తొడుగు విప్పితే లోపల గ్రీజు జాడ లేదు. దాని బదులు బూడిదరంగు ముద్ద, రేగడి మన్నూ నీళ్లూ పాత గ్రీజూ కలిసి నూరినది. పైన, కింద ఉండే కింగ్‌పిన్ బేరింగులు తుప్పుతో గాట్లు పడ్డాయి. కుర్ర మేస్త్రి వాటిని గుడ్డతో తుడిచి బండి యజమాని చేతిలో పెట్టి, “బాబాయ్, ఇది తిరిగి అరగలా. తిరక్క తుప్పు పట్టింది” అన్నాడు. “సంవత్సరం నుంచీ బండి తియ్యనే లేదబ్బాయ్, ఫోర్‌వీలూ ఎయ్యలేదు, దానికి ఏమవుద్దిలే అనుకున్నా” అని ఆయన జవాబు. ఆ మాటే నా వాదానికి ఆధారం. వాననీళ్లలో ఒకసారి దిగి, ఆ తర్వాత నెలల తరబడి కదలకుండా నిలబడ్డ ఇరుసులో నీళ్లు అడుగున నిలుస్తాయి, నూనె పైభాగాలను వదిలి కిందికి జారుతుంది, సీలు పెదవి ఎండుతుంది, లీవరు లింకులు బిగుసుకుపోతాయి. అవసరం వచ్చిననాడు ఆ లీవరు పడదు. బలం పెట్టి లాగితే ఫోర్కు వంగుతుంది.

కాబట్టి ఇంటి దగ్గర చేయాల్సింది పెద్ద రిపేరు కాదు, వరస తప్పకుండా చేసే చిన్న పని. నెలకోసారైనా మెత్తటి మట్టి దారిలో లీవరు వేసి కాసేపు తిన్నగా నడిపితే నూనె అన్ని గేర్లకూ అంటుతుంది, లింకులు ఆడతాయి. ముందు చక్రాల హబ్బులకు తాళం ఉన్న బండైతే ముందుగా అది వేయాలి. నూనె చూడాల్సిన చోట్లు నాలుగు: గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసు, వెనక ఇరుసు. చాలామంది ఇంజన్ ఆయిల్ ఒక్కటే మార్చి ఈ నాలుగింటినీ మరిచిపోతారు. నూనె దించేముందు పైన నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. కిందిది తీశాక పైది ఊడకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. దిగిన నూనె పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. నీళ్లు ఎలా చేరతాయంటే, దూరం నడిచి వేడెక్కిన ఇరుసు వాగులో దిగగానే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. గాలి ఆడే బ్రీదరు మట్టితో మూసుకుపోయి ఉంటే, ఆ లాగుడికి సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి. రూపాయి ఖర్చు లేకుండా బ్రీదరు శుభ్రం చేస్తే ఆపగలిగే నష్టం ఇది. బురదలో తిరిగొచ్చాక జాయింటు క్రాసులకూ స్లిప్ జాయింటుకూ కొత్త గ్రీజు కక్కేదాకా గన్ను కొట్టాలి, పాతదానితో పాటు మట్టీ బయటికొస్తుంది. పత్తి పొలాల బండ్లకు ఇంకొకటుంది. పత్తి పీచు రేడియేటర్ రెక్కల్లో చిక్కుకుని గాలిని ఆపేస్తుంది. ఇంజన్ వేడెక్కుతోందని వాటర్ పంపు మార్చేముందు, వెనకవైపు నుంచి మెల్లగా నీళ్లు కొట్టి ఆ పీచు తీసి చూడాలి.

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఉంది. తెలిసీ తెలియక చేయి పెడితే ఉన్నది కూడా పోతుంది కదా? పోతుంది. అందుకే గీత ఎక్కడో తెలియాలి. అదే షెడ్డులో కొత్త కింగ్‌పిన్ బేరింగులు వేశాక, పెద్ద మేస్త్రి ఒక స్ప్రింగు కాటా తెచ్చాడు. పత్తి తీతల్లో కూలీల మూటలు తూచే రకమే. కొక్కేన్ని స్టీరింగు చేయికి తగిలించి లాగుతూ, ఎంత బలానికి చక్రపు తొడుగు కదులుతుందో చూశాడు. మరీ తేలిగ్గా కదిలితే ఒక పల్చటి షిమ్ము తీసి, మళ్లీ బిగించి, మళ్లీ లాగాడు. ఆ కొలత తప్పితే నడిచే దారిలో స్టీరింగు గజగజ వణుకుతుంది, లేదా బరువుగా తిరిగి బేరింగు పాడవుతుంది. క్రౌన్, పినియన్ పళ్ల మధ్య సందు కొలవడం, ట్రాన్స్‌ఫర్ కేసు విప్పడం ఇంకా సున్నితమైనవి. అవి షెడ్డుకే వదలాలి. ఒక్క జాకీ నమ్మి బండి కిందికి దూరడం ఎవరికీ తగదు, స్టాండో గట్టి దుంగో ఉండాల్సిందే. గీతకు ఇవతల మిగిలేవి చూడటం, తుడవటం, గ్రీజు, నూనె, గాలి, బిగింపు. వీటికి కావాల్సింది ఓపిక, రాసిపెట్టుకునే అలవాటు. ఏ తేదీన ఏ నూనె మార్చారో ఒక నోటుపుస్తకంలో ఉంటే మేస్త్రి సగం ఊహలు మానేస్తాడు.

జీపుల సంగతి సరే, తర్వాత వచ్చినవాటి మాటేమిటి? 1998లో వచ్చిన సఫారీలో ఫోర్‌వీల్ వేసేది మీట నొక్కితే తిరిగే మోటారు. 2014లో వచ్చిన డస్టర్ ఆల్‌వీల్ డ్రైవ్‌లో కరెంటుతో బిగిసే కప్లింగు అవసరాన్ని బట్టి వెనక చక్రాలకు బలం పంపుతుంది. ఇవీ ఇప్పుడు పాతబడ్డాయి. వీటి లోపల చేయి పెట్టలేం నిజమే, కానీ బయటి శ్రద్ధ వీటికి ఇంకా ఎక్కువ కావాలి. నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి వేస్తే చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, కప్లింగు అనవసరంగా పనిచేసి వేడెక్కుతుంది. మోటారు ప్లగ్గుల్లో తేమ చేరకుండా చూసుకోవడం, మీటను అప్పుడప్పుడూ వాడటం యజమాని పనే.

అప్‌గ్రేడు దగ్గరికొచ్చేసరికి నాకు కాస్త బాధ కలిగింది. చాలామంది మొదటి డబ్బు పెద్ద టైర్లకు, బండిని ఎత్తు లేపడానికి పోస్తున్నారు. టైరు పెరిగితే ఇరుసుల మీద భారం పెరుగుతుంది, ఎత్తు పెరిగితే షాఫ్టు క్రాసుల కోణం మారి త్వరగా అరుగుతాయి, మలుపులో బండి ఒరుగుతుంది. సీజే3బీ తరం జీపుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, ఒకే లైను. ఎక్కడో ఒకచోట ఆయిల్ కారితే నాలుగూ పోతాయి. డ్రమ్ములోకి బురదనీళ్లు చేరితే బ్రేకు పట్టదు. అలాంటి బండిని ఇవాళ ఎన్‌హెచ్16 మీద లారీల మధ్య నడుపుతున్నప్పుడు మొదటి ఖర్చు బ్రేకులకే: రెండు లైన్ల మాస్టర్ సిలిండరు, బూస్టరు, వీలైతే ముందు డిస్కులు. ఆ తర్వాత సీటు బెల్టులు, మంచి వెలుతురు. చట్టం కూడా మరవకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చాలన్నా, బ్రేకుల అమరిక మార్చాలన్నా ముందు రవాణా కార్యాలయంలో అడగాలి. ప్రమాదం జరిగాక బీమా వాళ్లు చూసేది ఆర్‌సీ కాగితాన్నే.

ఇంత శ్రమ ఎందుకు, పొగలు కక్కే పాతబండిని తుక్కుకు వేయరాదా అన్నది చివరి అభ్యంతరం, తోసిపుచ్చదగింది కాదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. పొగ విషయానికొస్తే, నల్లపొగ చాలాసార్లు వయసు వల్ల కాదు, నాజిళ్లు అరగడం వల్ల, గాలి ఫిల్టరు మూసుకుపోవడం వల్ల వస్తుంది. ఆయిల్ బాత్ ఫిల్టరులో మిర్చి కల్లాల దుమ్ము పేరుకుంటే డీజిల్‌కు గాలి చాలదు. బాగు చేసి పరీక్షకు పెట్టాలి, అప్పటికీ నెగ్గకపోతే ఆపేయాలి. ఆస్ట్రేలియా ఎడారి పొలాల్లో 1984 నాటి టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్ వంశాన్ని ఇంకా కొంటున్నది పాతదంటే ప్రేమతో కాదు, దారి మధ్యలో బాగుచేసుకోవచ్చన్న ధైర్యంతో. మనకూ అదే కొలత కావాలి. ఇంజన్ పోతే ఇంజన్ దొరుకుతుంది, గేర్లకు విజయవాడ ఆటోనగర్ ఉంది. ఛాసిస్ పోతే మాత్రం దారి లేదు. అందుకే ఏ పాత బండి మీదైనా రూపాయి పెట్టేముందు కిందికి వంగి, కమాన్ కట్టల షాకిళ్లు బిగించే చోట్ల, స్టీరింగు బాక్సు కూర్చునే చోట మట్టి గీకి చిన్న సుత్తితో తట్టాలి. ఖంగుమంటే బాగుచేయించండి. సుత్తి దిగబడి తుప్పు పొరలుగా రాలితే, దాని ఇరుసులూ గేరుబాక్సూ ఇంకో బండికి ఇచ్చేసి, ఆర్‌సీ రద్దు చేయించుకోండి.