పాదము క్రింది కొలత

తెనాలిలో మా నాన్నగారు అంబాసిడరు నడిపెడివారు. అది మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారునకు భారతీయ రూపమని, నేను బర్మింగ్‌హాములో స్థిరపడిన తరువాతగాని నాకు తెలియలేదు. ఆ బంధుత్వము మనసులో మెదలుచుండుటవలననే కాబోలు, నాలుగేండ్ల క్రిందట అమ్మకమునకు వచ్చిన 1965 నాటి మారిస్ మైనరును చూచి, అవసరము లేకున్నను కొంటిని. పూర్వపు యజమాని దాని ముందు చక్రముల డ్రమ్ములు తీయించి డిస్కు బ్రేకులు పెట్టించి యుండెను. పెడలు త్రొక్కగా బ్రేకు గొట్టములలో ఒత్తిడి పుట్టించు మాస్టర్ సిలిండరు మాత్రము పాతదే.

ఒక ఆదివారము టివిడేలులోని బాలాజీ ఆలయమునకు సకుటుంబముగా పోయి కారు నిలుపగానే, మా అమ్మాయి, "నాన్నగారూ, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అన్నది. ముందు చక్రము దగ్గర చేయి పెట్టలేకపోతిని. దర్శనము ముగించుకొని వచ్చి, డిక్కీలోని జాకీతో కారు ఎత్తి తిప్పి చూడగా, చల్లారిన తరువాతను ఆ చక్రము బిగుసుకొనియే తిరిగినది. పానాతో, ప్యాడ్లను డిస్కునకు అదుము కాలిపరు నిపిలును పావు చుట్టు వదులు చేసిన మరుక్షణమున రెండు మూడు బొట్లు బ్రేకు ఆయిలు చివ్వున చిమ్మి, చక్రము ఒక్క వ్రేలితో త్రోసినంత మాత్రమున తేలికగా తిరుగసాగెను. కాలు తీసిన తరువాతను గొట్టములలో ఒత్తిడి నిలిచియున్నదని దానివలన తేటపడినది. పెడలు కడ్డీకి ఉండవలసిన స్వల్పమైన ఎడము ఉన్నదో లేదో ముందుగా చూచితిని. అది సరిగానే ఉన్నది.

దోషము మాస్టర్ సిలిండరు కొసనున్న చిన్న వాల్వులో ఉన్నది. డ్రమ్ము బ్రేకులకై చేసిన సిలిండరులో, కాలు తీసిన పిమ్మట కూడ చదరపుటంగుళమునకు సుమారు 10 పౌండ్ల ఒత్తిడిని నిలిపియుంచు వాల్వు ఒకటి ఉండును. డ్రమ్ములోని షూలను వెనుకకు లాగుటకు స్ప్రింగులున్నవి కనుక ఆ ఒత్తిడి అచట బాధింపకపోగా, వీల్ సిలిండరు రబ్బరు కప్పుల అంచులను గోడకు అదిమి పట్టి గాలి చొరకుండ కాపాడును. డిస్కునకు అట్టి స్ప్రింగులు లేవు. ఆ పది పౌండ్లే ప్యాడ్లను డిస్కునకు నిరంతరము ఒరయజేయును. ఒకదానికి రక్షణయైనది వేరొకదానికి అగ్నియైనది.

వాల్వుకై సిలిండరును ఎట్లును విప్పవలసినదే కనుక, దానిని మార్చనే నిశ్చయించితిని. ఇక క్రొత్త సిలిండరు ఎన్నుకొనుట. "పెద్దది వేయించుకోండి, గట్టిగా ఆగుతుంది" అని నాకు సలహా చెప్పినవారు ఒకరిద్దరు కారు. మంచి మనసుతో చెప్పినదే కాని, ఇంతకంటె ప్రమాదకరమైన సలహా మరియొకటి లేదు. కాలి బలము పెడలు మీటగుండా పెరిగి సిలిండరు కడ్డీమీద 300 పౌండ్ల త్రోపుగా పడినదనుకొందము. మైనరునకు కర్మాగారమువారు నిర్ణయించిన రంధ్రము అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులు. దాని వైశాల్యము 0.60 చదరపుటంగుళములు కనుక, ఆయిలులో పుట్టు ఒత్తిడి చదరపుటంగుళమునకు 500 పౌండ్లు. అదే త్రోపు ఒక అంగుళపు రంధ్రములో 0.785 చదరపుటంగుళములమీద పరచుకొని 382 పౌండ్లకు దిగిపోవును. పెడలు రాయివలె తగిలి, గట్టి బ్రేకు అను భ్రాంతి కలిగించుచు, కారును మాత్రము ఆలస్యముగా నిలుపును. పోనీ, ముప్పాతిక అంగుళమునకు తగ్గింతమా, ఒత్తిడి 679 పౌండ్లకు పెరుగునుగాని, మొదటి సిలిండరులో అంగుళము దూరము కదలి పంపిన ఆయిలును పంపుటకు పిస్టను 1.36 అంగుళములు కదలవలెను, పెడలు నేలను తాకవచ్చును. "బ్రేకు మెత్తగానూ ఉండగూడదు బాబూ, రాయిలాగానూ ఉండగూడదు" అని తెనాలి మేస్త్రీ మా నాన్నగారి బండి క్రింద పడుకొని చెప్పిన మాటకు ఈ లెక్కయే భాష్యము.

కావున పాత కొలతనే నిలుపుకొంటిని. పెట్టెమీది పేరును నమ్మక, రంధ్రమును కాలిపరు స్కేలుతో కొలిచి చూచి, కొసలోని వాల్వు తీయించి, డ్రమ్ములున్న వెనుక గొట్టములో వేరుగా 10 పౌండ్ల వాల్వు పెట్టించితిని. రెండు గదుల సిలిండరు విషయము కూడ ఆలోచింపకపోలేదు. ఒక గొట్టము పగిలినను రెండవ మార్గము పనిచేయు ఆ ఏర్పాటు అమెరికాలో 1968 నుండి క్రొత్త కార్లకు విధియైనది. నిత్యము మోటారు మార్గములపై పోవువారు దానినే పెట్టించుకొనవలెనని నా నిశ్చితాభిప్రాయము. ఆదివారములందు ఊరిలో నడుపు నేను, తీగతో వెనుక చక్రములకు వేరుగా పోవు చేతిబ్రేకును శ్రద్ధగా సరిచేయించి ఊరకుంటిని.

మైనరులో ఈ సిలిండరు డ్రైవరు కాళ్లక్రింద, తివాసీ అడుగున, ఛాసీలో దాగియుండును. ప్రక్కనున్న టార్షన్ బారు (ముందు చక్రములకు స్ప్రింగుగా పనిచేయు కడ్డీ) అడ్డువచ్చి దాని బోల్టులు వెలికి రావు. ఒక పగలంతయు ఆ శ్రమకే చెల్లినది. బిగించునపుడు బోల్టులను ఎదురు దిక్కునుండి దూర్చితిమి, మరల విప్పవలసివచ్చినచో సులువగునని.

నలువదేండ్లు దాటి, పెద్ద మార్పులకు లోనుగాని కార్లకు ఈ దేశములో 2018 నుండి ఏటేటి తనిఖీ తప్పనిసరి కాదు. పాత కారు కొన్న తెలుగువారిని నేను కోరునది ఒక్కటే: రంగు, తోలు సీట్లు తరువాత చూడవచ్చును, ముందుగా బ్రేకు చూపించుకొనుడు. చట్టము అడుగకున్నను ఏటేట తనిఖీ చేయించుడు.

మొన్న ఉగాదికి మరల టివిడేలు వెళ్లితిమి. కారు దిగి నాలుగు చక్రముల దగ్గరను చేయి పెట్టి చూచితిని. నాలుగును గోరువెచ్చగానే ఉన్నవి.