రొళ్ల మీద మోడం

బెంగళూరు వేదికల మీద ‘క్లౌడ్’ అంటే కంప్యూటర్లు. రొళ్ల పొలాల్లో మోడం అంటే వాన. ఈ రెండు మబ్బులకూ చుట్టరికం కలిపే ప్రయత్నం ఒకటి ఇప్పటికే జరిగింది. అది రొళ్ల దాకా రావాలంటే మాత్రం ఓ సరిహద్దు దాటాలి.

ఆంధ్రప్రదేశ్ పటంలో నైరుతి మూల చూడండి. కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టు ఓ ముక్క కనిపిస్తుంది. అదే మడకశిర ప్రాంతం. మూడువైపులా కర్ణాటకే. ఆ ముక్కలోనే ఉంది రొళ్ల. 2022 ఏప్రిల్ వరకూ అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీసత్యసాయి జిల్లా. జిల్లా కేంద్రం పుట్టపర్తి కన్నా పక్క రాష్ట్రంలోని శిరా, తుమకూరు పట్టణాలే ఈ ఊరికి దగ్గర. చాలా ఇళ్లలో కన్నడమే మాట. బోరులో నీళ్లున్నవాళ్లకి వక్కతోట, లేనివాళ్లకి శెనక్కాయ. మండలంలోనే రత్నగిరి కొండ, దానిమీద పాతకోట. పొరుగున అమరాపురం మండలంలో హేమావతి... ఒకప్పటి నొళంబ రాజుల రాజధాని. చూడ్డానికి ఇన్ని ఉన్నా, జూన్ వచ్చిందంటే ఇక్కడి రైతు చూసేది ఆకాశమే.

మోడం పడుతుంది. వాన పడదు! నైరుతి రుతుపవనాలు తెచ్చే నీళ్లలో ఎక్కువభాగం పడమటి కనుమల దగ్గరే కురిసిపోతుంది. కొండలు దాటి ఇటు వచ్చేసరికి మబ్బు తేలికైపోతుంది. అందుకే ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లరే. అదైనా అదనులో పడితే ఫర్వాలేదు. తొలివానకి నేల పదునైందని గొర్రు కడితే, ఆ తర్వాత మూడువారాలు బెట్ట. మొలిచింది మొలిచినట్టే వాడిపోతుంది. ఎకరం శెనక్కాయకి ఇంచుమించు 60 కిలోల విత్తనపు గింజ కావాలి. అది మట్టిపాలైతే మళ్లీ కొనాలి, మళ్లీ అప్పు చెయ్యాలి. పోనీ ఆగుదామంటే, ఊడలు దిగే వేళకి తేమ ఉంటుందో ఉండదో. ఏడాది బతుకంతా ఒక్క తేదీ మీద!

రొళ్ల నుంచి బెంగళూరు సుమారు 150 కిలోమీటర్లు. శిరా, తుమకూరు, నెలమంగల దాటి నగరం పొలిమేరకు చేరగానే మాదావర వస్తుంది. 2024 నవంబరులో మెట్రోరైలు అక్కడిదాకా వచ్చింది. ఆ పక్కనే బెంగళూరు అంతర్జాతీయ ప్రదర్శన కేంద్రం. 1998లో ‘బెంగళూరు ఐటీ డాట్‌కామ్’గా మొదలై, పేర్లు మార్చుకుంటూ వచ్చిన సాంకేతిక సదస్సు 2025 నవంబరులో జరిగింది అక్కడే. ఇలాంటి సదస్సుల్లో క్లౌడ్, బిగ్ డేటా అన్న మాటలు వినపడని రోజుండదు. నిజానికి అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. ఎక్కడో వేల కంప్యూటర్లు పెట్టి, వాటి శక్తిని కరెంటులా వాడుకున్నంత మేరకు అద్దెకివ్వడం క్లౌడ్. మనిషి కూర్చుని లెక్కపెట్టలేనంత సమాచారాన్ని జల్లెడపట్టి పనికొచ్చే ముక్క ఏరడం బిగ్ డేటా.

ఈ రంగంలో మారుమోగే పేర్లలో ఒకటి ఈ సీమదే. 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన సత్య నాదెళ్ల అంతకుముందు ఆ సంస్థ క్లౌడ్ వ్యాపారాన్ని నడిపించినవారే. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి బి.ఎన్.యుగంధర్ స్వగ్రామం అనంతపురం జిల్లా యల్లనూరు మండలంలోని బుక్కాపురం. అదీ శెనక్కాయ చూసిన నేలే.

క్లౌడ్ సంగతి వేదిక దిగి చేలోకి వచ్చింది 2016లో. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతుల్ని ఎంచుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రయోగమది. 1986 నుంచి 2015 దాకా ఆ ప్రాంతపు ముప్ఫై ఏళ్ల వాతావరణ లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఎక్కించారు. పైరుకి కావాల్సిన తేమలో నేల ఎంత ఇవ్వగలదో వారం వారం తేల్చారు. రాబోయే వానల అంచనా దానికి జోడించారు. ఇంత తతంగం చివరికి రైతు చేతికి చేరింది మామూలు సెల్‌ఫోన్లో తెలుగు ఎస్సెమ్మెస్‌గా! పొలంలో యంత్రం పెట్టింది లేదు, రైతు పైసా ఖర్చు పెట్టింది లేదు. జూన్ మొదట్లో విత్తబోతున్నవాళ్లని ఆగమన్నారు. జూన్ చివరివారంలో విత్తమన్నారు. ఆ మాట విన్నవాళ్లకి దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ప్రయోగం చేసినవాళ్లు ప్రకటించారు. మరుసటేడు ఆంధ్ర, కర్ణాటకల్లో మూడువేల మందికి పైగా రైతులకి ఇలాంటి సలహాలు అందాయి. పెరుగుదల 10 నుంచి 30 శాతమన్నారు.

తమాషా ఏంటంటే, జూన్ చివరివారమంటే పంచాంగంలో ఆరుద్ర కార్తె! కంప్యూటర్ అంత కష్టపడి పట్టుకున్న తేదీ తాతల లెక్కకి దగ్గర్లోనే పడింది. అలాగని కార్తెల్నే నమ్ముకోమంటే కుదరదు. ఆరుద్ర ఏటా ఒకే తేదీకి వస్తుంది, వాన రాదు. ఏ ఏడాది ఆగాలో, ఏ ఏడాది తొలిపదునుకే దూకాలో చెప్పగలిగితేనే కంప్యూటర్ గొప్ప. ఒక మండలంలో ఒక ముంగారు గెలిచినంత మాత్రాన అది తేలిపోయినట్టు కాదు. వేదికల మీద 30 శాతం అన్న అంకె వినిపించినంత గట్టిగా 175 అన్న అంకె వినిపించదు మరి.

దేవనకొండకి దక్షిణాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న రొళ్లకి ఇంకో చిక్కుంది. కర్ణాటక విపత్తు పర్యవేక్షణ కేంద్రం బెంగళూరు శివారు యలహంకలో ఉంది. పంచాయతీ పంచాయతీకీ వానమాపకాలు పెట్టింది. రైతు ‘వరుణమిత్ర’కి ఫోన్ చేసి, వాన సంగతి కన్నడంలో అడిగి తెలుసుకోవచ్చు. రొళ్ల రైతు మాట్లాడేది అదే కన్నడం. ముంగారు అన్న మాట రెండుచోట్లా ఒకటే, మోడం అక్కడ మోడ. కానీ ఈయన చేను ఆంధ్రలో ఉంది. ఇక్కడి వానమాపకం లెక్క 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన ప్రభుత్వ దస్త్రాల్లోకి వెళ్తుంది. గట్టు అవతలి లెక్క యలహంకకి వెళ్తుంది. వాతావరణ బీమా ఉన్న పంటకి డబ్బొచ్చేది కూడా తన చేలో పడ్డ చినుకుని బట్టి కాదు, తన ప్రాంతానికి కేటాయించిన కేంద్రంలో నమోదైన చినుకుని బట్టి. ఆ కేంద్రం ఉన్నచోట కురిసి, చేను ఎండితే?

2025 అక్టోబరు 14న ఢిల్లీ వేదిక మీద గూగుల్ క్లౌడ్ అధిపతి థామస్ కురియన్ విశాఖపట్నానికి భారీ డేటా కేంద్రాన్ని ప్రకటించారు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి. రాష్ట్రానికి సొంత ‘మబ్బు’ ఒకటి సముద్రం ఒడ్డున లేవబోతోందన్నమాట. రొళ్ల ఉన్నది దానికి సరిగ్గా ఎదురుమూల. జూన్‌లో శిరా వైపు నుంచి మోడం లేస్తే, అది ఇటు కురుస్తుందో లేదో అక్కడి యంత్రాలు కన్నడంలో చెప్పగలవా అన్నది ఇంకా ఏ సదస్సు ఎజెండాలోనూ కనిపించలేదు.